కారు కిందకు దించితే హ్యాండ్లింగ్ పెరుగుతుందా? హాట్ హ్యాచ్‌బ్యాక్ సస్పెన్షన్ మార్చే ముందు ఇవి తెలుసుకోండి!

చూడ్డానికి చిన్న కారు.. కాలు నొక్కితే పెద్ద కారులా దూకుతుంది. హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటే అదే. ఇలాంటి కారు కొన్నాక చాలామంది యువకులు మొదట చేసే పని ఒకటుంది. స్ప్రింగులు మార్పించి కారును కిందకు దించడం! ఫొటోల్లో లుక్ అదిరిపోతుంది నిజమే. కానీ మలుపులో కారు నిజంగా బాగా తిరుగుతుందా? వానలో బ్రేక్ కొడితే త్వరగా ఆగుతుందా? చాలా సందర్భాల్లో సమాధానం 'కాదు' అనే వస్తుంది. ఒక్కోసారి ముందున్న దానికంటే అధ్వానంగా మారుతుంది కూడా.

మరి డబ్బులు ఎక్కడ పెట్టాలి? ఏ పార్టు ముందు, ఏది తర్వాత? ఒక్క మాటలో చెప్పాలంటే.. రోడ్డు నుంచి పైకి వెళ్లాలి. ముందు అరిగిన పార్టులు సరిచేసుకోవాలి. తర్వాత టైర్లు, అలైన్‌మెంట్. ఆ తర్వాతే డ్యాంపర్లు, స్ప్రింగులు, యాంటీ రోల్ బార్. కాయిలోవర్లు చిట్టచివర. ఈ వరుస ఎందుకో వివరంగా చూద్దాం.

మన రోడ్ల మీద హాట్ హ్యాచ్‌లు

మన దేశంలో ఈ కేటగిరీలో ఎక్కువగా వినిపించే పేరు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో 1.2 లీటర్ టర్బో ఇంజిన్, 105 పీఎస్ పవర్‌తో వచ్చింది. 2020లో దాని స్థానంలో 110 పీఎస్ ఇచ్చే 1.0 లీటర్ టర్బో వచ్చింది. 2022లో పోలో తయారీ ఆగిపోయింది. అయినా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో డిమాండ్ తగ్గలేదు. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 145 పీఎస్‌తో సంచలనం సృష్టించింది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్.. రెండూ 120 పీఎస్ కార్లే. 2025లో 265 పీఎస్ గోల్ఫ్ జీటీఐ కూడా దిగుమతి రూపంలో మన దగ్గరికి వచ్చింది.

వీటిలో గోల్ఫ్ జీటీఐని పక్కన పెడితే మిగతా వాటి డిజైన్ దాదాపు ఒకటే. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనుక టార్షన్ బీమ్. ఇంజిన్ ముందు.. నడిచేదీ ముందు చక్రాలే. గోల్ఫ్‌కు మాత్రం వెనుక మల్టీ లింక్ ఉంటుంది. ఈ కథనంలో ఉదాహరణగా పోలో జీటీనే తీసుకుందాం. చెప్పే సూత్రాలు మిగతా వాటికీ వర్తిస్తాయి.

మలుపులో అసలేం జరుగుతుంది?

బరువంతా ముందే ఉంటుంది. స్టీరింగ్ తిప్పేదీ, కారును లాగేదీ ఆ రెండు చక్రాలే. అందుకే స్పీడ్‌గా మలుపు తీసుకుంటే ముందు టైర్లు ముందుగా చేతులెత్తేస్తాయి. స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగానే పోవాలని చూస్తుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు.

మలుపులో లోపలి చక్రాల మీద ఉన్న బరువు బయటి చక్రాల మీదకు మారుతుంది. ఇది ఎంత అనేది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. కారు బరువు, మలుపు వేగం, గురుత్వ కేంద్రం ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం.

చిన్న లెక్క చూద్దాం. కారు 1100 కేజీలు, గురుత్వ కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య దూరం 145 సెంటీమీటర్లు అనుకుందాం. 0.8 జీ తో గట్టి మలుపు తీసుకుంటే దాదాపు 334 కేజీల బరువు బయటి వైపుకు మారుతుంది. ఇప్పుడు కారును 3 సెంటీమీటర్లు దించారనుకోండి. ఆ లెక్క 316 కేజీలకు తగ్గుతుంది. తేడా 18 కేజీలు.. అంటే సుమారు 5 శాతం మాత్రమే!

ఇక్కడ ఇంకో విషయం. స్ప్రింగులు గట్టివి వేసినా మొత్తం మారే బరువు దాదాపు తగ్గదు. అందులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనుక ఇరుసు వాటా ఎంత అనేదే మారుతుంది. అది ఎంత వేగంగా మారాలన్నది డ్యాంపర్ చూసుకుంటుంది. ఈ ముక్క అర్థమైతే షాపులో ఎవరేం చెప్పినా అయోమయపడాల్సిన పనిలేదు.

స్టెప్ 1: ముందు రిపేరు.. తర్వాతే అప్‌గ్రేడ్

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. 60-70 వేల కిలోమీటర్లు తిరిగిన కారులో డ్యాంపర్లు నీరసపడి ఉండొచ్చు. మెకానిక్‌లు 'షాకప్'లు అనేవి వీటినే. చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తే పని అయిపోయినట్టే.

లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, స్ట్రట్ పైన ఉండే మౌంట్, బేరింగ్ కూడా చెక్ చేయించాలి. గుంతలో 'టక్ టక్' శబ్దం, బ్రేక్ కొడితే కారు ఒక పక్కకు లాగడం, స్టీరింగ్ తిప్పితే వెనక్కి సరిగా రాకపోవడం.. ఇవన్నీ ముందస్తు హెచ్చరికలే. అరిగిన బుష్‌ల మీద ఖరీదైన కాయిలోవర్లు వేయడం అంటే చెదపట్టిన దూలానికి రంగు వేయడమే. చాలా కార్లకు ఈ పార్టులు కొత్తవి పడగానే 'ఇంక అప్‌గ్రేడ్ ఎందుకు?' అనిపిస్తుంది.

స్టెప్ 2: టైర్లు

కారుకు, రోడ్డుకు మధ్య ఉన్నది నాలుగు టైర్లే. ఒక్కో టైరు రోడ్డును తాకే భాగం ఇంచుమించు అరచేయంత. సస్పెన్షన్ మీద ఎంత ఖర్చు పెట్టినా పని జరగాల్సింది అక్కడే. అందుకే పట్టు పెంచుకోవడంలో మంచి టైరుకు మించిన అప్‌గ్రేడ్ లేదు. వానలో అయితే మరీను.

టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. ఉదాహరణకు 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు బాగానే కనిపిస్తున్నా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతుంది. మన నిబంధనల ప్రకారం కార్ల టైరు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. కానీ వానాకాలంలో అంతదాకా ఆగడం ప్రమాదమే.

సైజు విషయంలో తొందరొద్దు. పోలో జీటీ టీఎస్ఐకి మొదట్లో 185/60 ఆర్15, ఆ తర్వాతి మోడళ్లలో 195/55 ఆర్16 టైర్లు వచ్చాయి. 195/55 ఆర్16 మొత్తం వ్యాసం సుమారు 621 మి.మీ. దాని బదులు 205/45 ఆర్17 వేస్తే 616 మి.మీ. వస్తుంది. వ్యాసంలో తేడా తక్కువే. కానీ టైరు పక్క గోడ ఎత్తు 107 మి.మీ. నుంచి 92 మి.మీ.కు పడిపోతుంది. అంటే గుంతలో పడినప్పుడు రిమ్ వంగే అవకాశం పెరుగుతుంది. పైగా పెద్ద వీల్ బరువు ఎక్కువైతే సస్పెన్షన్ దాన్ని అదుపు చేయడానికి మరింత కష్టపడాలి. అందుకే కంపెనీ సైజులోనే మంచి పట్టున్న టైరు ఎంచుకోవడం చాలామందికి సరైన దారి.

గాలి ఎంత ఉండాలో కారు మీద అతికించిన స్టిక్కర్‌లోనే ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఖర్చు లేని హ్యాండ్లింగ్ అప్‌గ్రేడ్ ఇదొక్కటే!

స్టెప్ 3: అలైన్‌మెంట్

వీల్ అలైన్‌మెంట్ అంటే చాలామందికి టైర్లు అరగకుండా చేయించేది అనే తెలుసు. హ్యాండ్లింగ్‌లో దీని పాత్ర చాలా పెద్దది. ఇందులో ముఖ్యంగా రెండు లెక్కలుంటాయి. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్ క్యాంబర్. పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు భాగాలు లోపలికి చూస్తే టో ఇన్, బయటికి చూస్తే టో అవుట్.

ముందు చక్రాలకు కాస్త ఎక్కువ నెగటివ్ క్యాంబర్ ఇస్తే మలుపులో బయటి టైరు పూర్తిగా రోడ్డును ఆనుకుంటుంది. అండర్‌స్టీర్ తగ్గుతుంది. అయితే పోలో లాంటి కార్లలో క్యాంబర్ మార్చే వెసులుబాటు చాలా తక్కువ. అందుకోసం ప్రత్యేకమైన క్యాంబర్ బోల్టులు దొరుకుతాయి. వెనుక టార్షన్ బీమ్‌కు మామూలుగా అడ్జస్ట్‌మెంటే ఉండదు. అలైన్‌మెంట్ మిషన్ మీద వెనుక రీడింగ్ బాగా తేడాగా వస్తే బీమ్ వంగిందేమో చూడాలి.

టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోతుంటే చాలామంది క్యాంబర్‌ను తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు దొంగ టో. రోజూ తిరిగే కారుకు రెండు వైపులా రీడింగ్ సమానంగా, టో కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉండాలి. పని అయ్యాక రీడింగ్ ప్రింట్ అడిగి తీసుకోండి.

స్టెప్ 4: డ్యాంపర్లు.. అసలు హీరో ఇదే

స్ప్రింగ్ బరువును మోస్తుంది. స్ప్రింగ్ ఊగిసలాటను ఆపేది డ్యాంపర్. కారు గుంతలో పడ్డాక రెండు మూడుసార్లు ఊగుతోందంటే డ్యాంపర్ పని చేయనట్టే. కారు 'ఖరీదైన ఫీల్' ఇస్తోందా లేదా అన్నది ఎక్కువగా దీని చేతిలోనే ఉంటుంది.

ఎత్తు మార్చకుండా హ్యాండ్లింగ్ పెంచుకోవాలంటే మంచి డ్యాంపర్ ఒక్కటే చాలు. ఉదాహరణకు బిల్‌స్టీన్ కంపెనీలో బీ4 అనేది ఒరిజినల్‌కు ప్రత్యామ్నాయం. బీ6 అనేది కంపెనీ ఎత్తులోనే వాడుకునే స్పోర్ట్ డ్యాంపర్. బీ8 మాత్రం కిందకు దించే స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. కోనీ స్పోర్ట్ రకంలో రీబౌండ్‌ను.. అంటే నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని.. అడ్జస్ట్ చేసుకోవచ్చు. కొనే ముందు మీ మోడల్, ఇయర్‌కు ఆ పార్టు నంబర్ సరిపోతుందో లేదో చూసుకోవాలి. భారత్ పోలోకు, యూరప్ పోలోకు కారు ఎత్తులో తేడాలున్నాయి.

డ్యాంపర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. కుడి ఒక్కటే కొత్తది, ఎడమ పాతది అంటే కుదరదు. అదే సమయంలో బంప్ స్టాప్, డస్ట్ కవర్, టాప్ మౌంట్ కూడా కొత్తవి వేయిస్తే మళ్లీ లేబర్ ఖర్చు ఉండదు.

స్టెప్ 5: స్ప్రింగులు.. ఎంత దించాలి?

ఇక అసలు ప్రశ్న. మన పోలో గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 165 మి.మీ. 40 మి.మీ. దించే స్ప్రింగులు వేస్తే మిగిలేది 125 మి.మీ. నలుగురు ఎక్కి, డిక్కీలో లగేజీ పెడితే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అదే కొలతలతో కడితే పరవాలేదు. మన ఊళ్లలో, కాలనీల్లో వేసేవి అన్నీ అలా ఉంటాయా? సమాధానం అందరికీ తెలిసిందే. కింద తగిలేది ఇంజిన్ ఆయిల్ ఉండే సంప్!

క్లియరెన్స్ ఒక్కటే సమస్య కాదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ కారును బాగా దించితే లోయర్ ఆర్మ్ కోణం తిరగబడుతుంది. దాంతో రోల్ సెంటర్ అనే బిందువు.. కారు గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందకు పోతుంది. ఫలితం? మలుపులో కారు ఒరిగిపోవాలనే గుణం పెరుగుతుంది. దాన్ని అదుపు చేయడానికి మరింత గట్టి స్ప్రింగ్ కావాలి. అంతేకాదు.. స్టీరింగ్ రాడ్ల కోణం కూడా మారి, గుంతల్లో స్టీరింగ్ తనంతట తానే కాస్త తిరుగుతుంది.

ఇంకోటి.. కారు దిగిన కొద్దీ సస్పెన్షన్ లోపలికి కదిలే చోటు తగ్గుతుంది. మలుపు మధ్యలో గుంత వస్తే సస్పెన్షన్ నేరుగా బంప్ స్టాప్‌ను గుద్దుతుంది. ఆ క్షణంలో ఆ చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి పట్టు జారుతుంది. అరకు, శ్రీశైలం ఘాట్ రోడ్లలో ఇది ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

అందుకే రోజువారీ కారుకు 15 నుంచి 25 మి.మీ. దాటకపోవడం మంచిది. అది కూడా ఆ స్ప్రింగ్‌కు సరిపడే డ్యాంపర్‌తోనే. పాత డ్యాంపర్ మీద గట్టి స్ప్రింగ్ వేస్తే కారు బంతిలా ఎగురుతుంది.

స్ప్రింగ్ కట్ చేయిస్తున్నారా? అస్సలు వద్దు!

'ఒక చుట్టు కోసేస్తే చాలు' అనే సలహా ఇప్పటికీ చాలా గ్యారేజీల్లో వినిపిస్తుంది. ఖర్చు తక్కువే.. రిస్క్ మాత్రం చాలా ఎక్కువ. ఆరు చుట్ల స్ప్రింగ్‌లో ఒకటి తీసేస్తే అది 20 శాతం గట్టిపడుతుంది. డ్యాంపర్ మాత్రం పాతదే. కోసిన చివర సీటులో సరిగా కూర్చోదు. చక్రం పూర్తిగా కిందకు వేలాడినప్పుడు పొట్టిదైన స్ప్రింగ్ వదులై తన చోటు నుంచి తప్పుకోవచ్చు. గ్యాస్ మంటతో వేడి చేసి దించే పద్ధతి ఇంకా ఘోరం. ఆ వేడికి స్టీల్ బలమే పోతుంది.

స్టెప్ 6: యాంటీ రోల్ బార్

మలుపులో కారు ఒరగకుండా కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీ ఇది. ముందు చక్రాల కారుకు వెనుక వైపు గట్టి బార్ వేస్తే వెనుక ఇరుసు ఎక్కువ బరువు మార్పిడిని తీసుకుంటుంది. ముందు టైర్లకు భారం తగ్గి అండర్‌స్టీర్ తగ్గుతుంది. తిన్నగా పోయేటప్పుడు కుదుపులు పెద్దగా పెరగవు. కారు ఎత్తూ మారదు. అందుకే పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చే అప్‌గ్రేడ్లలో ఇదొకటి.

కానీ అతి చేస్తే ముప్పే. వెనుక మరీ గట్టిగా ఉంటే, తడి రోడ్డు మీద మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కారు వెనుక భాగం తిరిగిపోతుంది. అడ్జస్టబుల్ బార్ అయితే మెత్తటి సెట్టింగ్‌తో మొదలుపెట్టాలి. ముందు కొత్త టైర్లు, వెనుక అరిగిన టైర్లు ఉన్న కారుకు ఈ బార్ జోలికే పోకూడదు.

కాయిలోవర్లు ఎవరికి?

స్ప్రింగ్, డ్యాంపర్ ఒక సెట్‌గా వచ్చి, ఎత్తును మార్చుకునే వీలున్నవి కాయిలోవర్లు. కేడబ్ల్యూ కంపెనీనే తీసుకుంటే వీ1లో ఎత్తు మాత్రమే మారుతుంది. వీ2లో రీబౌండ్ కూడా, వీ3లో రీబౌండ్‌తో పాటు కంప్రెషన్ కూడా మార్చుకోవచ్చు. పేరున్న బ్రాండ్ సెట్ దిగుమతి చేసుకుంటే లక్ష రూపాయలు దాటడం మామూలే.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని రేస్ ట్రాక్, కోయంబత్తూర్‌లోని కరి మోటార్ స్పీడ్‌వే లాంటి చోట్ల తరచూ ట్రాక్ డేలకు వెళ్లేవారికి ఇవి పనికొస్తాయి. ఎన్ని క్లిక్‌లు ఉంటే అంత గొప్ప అనుకోవద్దు. తప్పు సెట్టింగ్ పెట్టుకునే అవకాశాలూ అన్ని ఉన్నట్టే! చవక రకం కాయిలోవర్లు మాత్రం మంచి డ్యాంపర్, మంచి స్ప్రింగ్ జత కంటే చాలాసార్లు అధ్వానంగా ఉంటాయి. మన దుమ్ము, వాన నీటికి మరలు తుప్పు పట్టి బిగుసుకుపోవడం మరో తలనొప్పి.

బుష్‌లు, స్ట్రట్ బ్రేస్, బ్రేకులు

రబ్బరు బుష్‌ల స్థానంలో పాలీయూరిథేన్ బుష్‌లు వేస్తే స్టీరింగ్ స్పందన చురుకవుతుంది. బదులుగా వైబ్రేషన్, కిర్రుమనే శబ్దం పెరగొచ్చు. ఇంజిన్ బేలో కనిపించే స్ట్రట్ బ్రేస్ అందంగానే ఉంటుంది. కానీ రోడ్డు మీద తిరిగే కారుకు దాని లాభం చాలా స్వల్పం.

వేగంగా తిరిగే కారు అంతే బాగా ఆగాలి కూడా. మంచి బ్రేక్ ప్యాడ్లు, రెండేళ్లకోసారి కొత్త బ్రేక్ ఫ్లూయిడ్.. కాయిలోవర్ల కంటే ముందు చూసుకోవాల్సినవి ఇవి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం.. తయారీ కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనంలో మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ చేర్చారు. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

అరిగిన డ్యాంపర్‌ను అదే రకం కొత్తదానితో మార్చడం రిపేరు కిందకే వస్తుంది. కారు ఎత్తు, వీల్ సైజు లాంటివి మార్చాలనుకుంటే ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో గొడవకు దారితీస్తుంది. వారంటీలో ఉన్న కారైతే ఆ కాగితాలు కూడా ఒకసారి చదువుకోవాలి.

ఎవరికి ఏది సరిపోతుంది?

* సిటీలో ఆఫీసు, ఇల్లు మాత్రమే తిరిగేవారు: అరిగిన పార్టుల రిపేరు, మంచి టైర్లు, అలైన్‌మెంట్. ఇంతే చాలు.
* వీకెండ్‌లో హైవే, ఘాట్ రోడ్లు ఎక్కేవారు: పైవాటితో పాటు కంపెనీ ఎత్తులోనే స్పోర్ట్ డ్యాంపర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు.
* కాస్త చురుకైన కారు కావాలనుకునేవారు: 15-25 మి.మీ. దించే స్ప్రింగులు, వాటికి సరిపడే డ్యాంపర్లు, మెత్తటి సెట్టింగ్‌లో వెనుక యాంటీ రోల్ బార్.
* ట్రాక్ డేలకు వెళ్లేవారు: మంచి బ్రాండ్ కాయిలోవర్లు, క్యాంబర్ సెట్టింగ్, ట్రాక్‌కు తగ్గ ప్యాడ్లు, టైర్లు.

పని అయ్యాక ఇవి మరవొద్దు

రబ్బరు బుష్ బోల్టులను కారు చక్రాల మీద నిలబడి ఉన్న స్థితిలోనే ఫైనల్‌గా బిగించాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొత్త స్ప్రింగులు కొన్ని రోజులు తిరిగాక సర్దుకుంటాయి. అప్పుడు అలైన్‌మెంట్ మరోసారి చూపించాలి. ఎత్తు మారితే హెడ్‌లైట్ల ఫోకస్ కూడా మారుతుంది, దాన్నీ సరిచేయించాలి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నలుగురిని ఎక్కించి టైరు ఎక్కడైనా రాస్తోందేమో చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం.. ఒకేసారి అన్నీ మార్చేయొద్దు. ఒకటి మార్చి కొన్ని వారాలు అదే దారిలో, అదే వేగంతో నడపండి. తేడా తెలిస్తేనే తర్వాతి పార్టుకు డబ్బు తీయండి. చాలామందికి టైర్లు, డ్యాంపర్లు మారాక కారును దించాల్సిన అవసరమే కనిపించదు.